ఫిజిక్స్ తప్పిన అమ్మాయి నీట్ రాయాలా?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ఉప్పల్. నేను ఆర్టీసీలో కండక్టర్‌ను. మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం పరీక్షల్లో ఫిజిక్స్ ఒక్కటి తప్పింది. 60కి 19 వచ్చాయి. నీట్‌కు ఇంకా పది రోజులే ఉంది. ‘ఇంటరే పోయింది, ఇంక నీట్ ఎందుకు’ అని పుస్తకం ముట్టడం లేదు, సరిగా తినడం లేదు. సప్లిమెంటరీలో పాసైన వాళ్లకు మెడికల్ సీటు ఇవ్వరని మా బావమరిది అంటున్నాడు. వేరే రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ ఫీజు కట్టి ఇంటర్ మొత్తం మళ్లీ రాయించమని ఇంకొకరు చెప్పారు. మేము బీసీలం. మార్కుల కాగితం పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: నీట్ రాయించండి. మిగతా వివరమంతా మీరు తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ మాట మాత్రం పాపకు ఈ రాత్రే చెప్పండి.

పాప నీట్‌కు దరఖాస్తు చేసింది ఇంటర్ ఫలితాలు రాకముందు. ఈ ఏడాది పన్నెండో తరగతి పరీక్షలు రాస్తున్న విద్యార్థిగా ఆమె దరఖాస్తు తీసుకున్నారు. హాల్‌టికెట్ చేతిలో ఉంటే చాలు, పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఇంటర్ మెమో ఎవరూ అడగరు. అడిగేది సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ నాడు. మొదటి విడత కౌన్సెలింగ్ నాటికి ఇంటర్ పాసై ఉండాలి, కావలసిన శాతం మార్కులు ఉండాలి. నీట్ నిబంధన అంతే. మార్చిలో పాసయ్యారా, మేలో పాసయ్యారా అన్నది ఆ నిబంధనకు పట్టదు.

2025లో ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ 22న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మే 4న నీట్ జరిగింది. మే 22న అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మొదలైంది. జూన్ 14న నీట్ ఫలితం, 16న సప్లిమెంటరీ ఫలితం వచ్చాయి. అఖిల భారత కోటా (దేశమంతటి విద్యార్థులకూ కలిపి ఇచ్చే సీట్లు) మొదటి విడత కౌన్సెలింగ్ జులై 21న గానీ మొదలు కాలేదు. అంటే మేలో సప్లిమెంటరీ రాసి జూన్‌లో పాసైన పిల్లలు, మార్చిలో పాసైన పిల్లలతో పాటే కౌన్సెలింగ్‌కు వచ్చారు. ఇంటర్ బోర్డు సప్లిమెంటరీని ఇంత త్వరగా పెట్టేదే పిల్లలకు ఒక ఏడాది పోకూడదని.

మీ బావమరిది మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఎంసెట్‌తో మెడికల్ సీట్లు ఇచ్చిన రోజుల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇంటర్‌లో తగ్గిన ప్రతి మార్కూ ర్యాంకును కిందికి లాగేది. ఆ భయం ఇప్పటికీ మన ఇళ్లలో మిగిలిపోయింది. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కు ఒక్కటి కూడా కలవదు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, ర్యాంకు అక్కడే తేలుతుంది. ఇంటర్ పని అర్హత చూపడం వరకే. మెమో మీద కంపార్ట్‌మెంటల్, అంటే సప్లిమెంటరీలో పాసైనట్టు, అని ఉన్నా సీటు ఆగదు.

ఇక ఆ అర్హత లెక్క. మీరు పంపిన కాగితం ముందు పెట్టుకుని కూడి చూశాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ రెండేళ్ల థియరీ 480 మార్కులు, ప్రాక్టికల్స్ 120, మొత్తం 600. జనరల్ వర్గానికి 50 శాతం, అంటే 300 కావాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం, అంటే 240. మీ పాపకు మొదటి సంవత్సరం నాలుగు సబ్జెక్టుల్లో కలిపి 157 ఉన్నాయి. రెండో ఏడాది ఫిజిక్స్ వదిలేసి మిగతా మూడింటిలో 135. ప్రాక్టికల్స్‌లో 113. కలిపితే 405. తప్పిన సబ్జెక్టు చేర్చకుండానే జనరల్ వాళ్లకు కావలసిన దానికంటే వంద ఎక్కువ! సప్లిమెంటరీలో సరిగ్గా పాస్ మార్కు 21 వచ్చినా 426 అవుతాయి, 71 శాతం. కాబట్టి మార్కులు పెంచుకోవడానికి మొదటి సంవత్సరం ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష కూడా కట్టించాలని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఆమెకు ఆ మార్కులతో పని లేదు. ఆమెకు కావలసింది ఫిజిక్స్‌లో పాస్, ఆ ఒక్కటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీట్‌కు రెండేళ్లుగా చదివే పిల్ల ఫిజిక్స్‌లో ఎలా తప్పింది? నారాయణగూడలో నా దగ్గరికి ఏటా ఇలాంటి పిల్లలు వస్తారు, వాళ్లలో చాలామందికి ఫిజిక్స్ వచ్చు. రానిది రాయడం. ఉదయం నుంచి రాత్రి దాకా బిట్లు చేస్తారు, వారం వారం టెస్టుల్లో ఓఎంఆర్ షీటు మీద వృత్తాలు నింపుతారు. ఇంటర్ ప్రశ్నపత్రం అడిగేది అది కాదు. 60 మార్కుల్లో 20 మార్కులకు పది చిన్న ప్రశ్నలు, 24 మార్కులకు నాలుగేసి మార్కుల ప్రశ్నలు ఆరు, 16 మార్కులకు ఎనిమిదేసి మార్కుల పెద్ద ప్రశ్నలు రెండు. మూసిన గొట్టంలో స్థిర తరంగాలు ఎలా ఏర్పడతాయో పటం గీసి, సూత్రం రాబట్టి, వాక్యాల్లో వివరించాలి. వీట్‌స్టోన్ బ్రిడ్జి సంతులన నియమాన్ని మెట్టు మెట్టుగా రాయాలి. నీట్ విద్యార్థి జవాబు నేరుగా చివరి గీతలో రాసేస్తుంది, మధ్యలో మెట్లు ఉండవు, మార్కులు పోతాయి. ఇది తెలివి తక్కువై జరిగింది కాదు, రెండేళ్లలో ఎవరూ ఆమె చేత కూర్చోబెట్టి రాయించకపోవడం వల్ల జరిగింది. తప్పు పాపది మాత్రమే అని మీ ఇంట్లో ఎవరూ అనకండి.

అందుకే ఈ పది రోజుల్లో సప్లిమెంటరీ పుస్తకం తెరవనివ్వకండి. ఈ పది రోజులూ నీట్‌వే. బయాలజీ 90 ప్రశ్నలు, ఆమె బలం అక్కడే ఉందని మార్కులే చెబుతున్నాయి. పాఠ్యపుస్తకం ఒక్కసారి పూర్తిగా తిరగేయాలి. ఫిజిక్స్‌లో కొత్త అధ్యాయం ఏదీ మొదలుపెట్టకుండా, వచ్చిన వాటినే గట్టి చేసుకోవాలి. రెండు రోజులకొకసారి మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, అసలు పరీక్ష వేళకే, ఒక పాత ప్రశ్నపత్రం రాయాలి.

నీట్ అయిన మర్నాడు సెలవు. ఆ తర్వాత దాదాపు రెండు వారాలకు పైగా దొరుకుతుంది, ఒక్క సబ్జెక్టుకు అది చాలా పెద్ద సమయం. అప్పుడు చదవడం తగ్గించి రాయడం పెంచాలి. రోజుకు రెండు పెద్ద ప్రశ్నలు, నాలుగు మధ్యరకం ప్రశ్నలు చూడకుండా తెల్ల కాగితం మీద రాసి, కాలేజీలో ఫిజిక్స్ అధ్యాపకుడికి చూపించాలి. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాలు ఆమెకు ఏ గైడూ చెప్పలేనిది చెబుతాయి.

రెండు మార్కుల తేడాతో పోయింది కాబట్టి రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయండి. రీకౌంటింగ్‌కు పేపరుకు వంద రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 600. వంద రూపాయలది మార్కుల కూడికను మాత్రమే సరిచూస్తుంది. 600 కట్టిన దానిలో జవాబు పత్రం స్కాన్ కాపీ కూడా ఇస్తారు. మార్కులు పెరిగితే మంచిదే, పెరగకపోయినా ఎక్కడ పోయాయో కళ్లతో చూసుకోవచ్చు. కానీ దాని కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు గడువు దాటనివ్వవద్దు. 2025లో రెండింటికీ ఏప్రిల్ 30 వరకే, అంటే వారం రోజులే గడువు ఇచ్చారు. కాలేజీకి రేపే వెళ్లి ఫీజు కట్టి రసీదు తీసుకోండి.

వేరే రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ అన్న సలహా విన్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. తెలంగాణలో 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులవి, వాటిని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి, ఇక్కడే పాసై ఉండాలి. 2024లో వచ్చిన జీవో 33లో ఉన్నది ఇదే, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఉప్పల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, వేరే రాష్ట్రం బోర్డు సర్టిఫికెట్‌తో వస్తే ఉస్మానియా, గాంధీ కాలేజీల గుమ్మం ముందు స్థానికేతరురాలిగా నిలబడే ప్రమాదం ఉంది. ఆమె దగ్గరున్న పెద్ద ఆస్తి ఆ స్థానికత. అదే బోర్డు, అదే కాలేజీ, అదే సప్లిమెంటరీ. దాన్ని దాటి ఎక్కడికీ వెళ్లవద్దు.

ఫలితాలు వచ్చిన వారంలో మీకు ఫోన్లు మొదలవుతాయి. ఇంటర్ ఫెయిలైనా మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తామంటారు, విదేశంలో ఎంబీబీఎస్‌కు నీట్ అక్కర్లేదంటారు. రెండూ అబద్ధాలే. మేనేజ్‌మెంట్ కోటాకైనా, ఎన్నారై కోటాకైనా, విదేశంలో చదివి తిరిగి వచ్చి ఇక్కడ వైద్యం చేయడానికైనా నీట్‌లో అర్హత, ఇంటర్ పాస్ రెండూ తప్పనిసరి. కండక్టర్ ఉద్యోగం మీద కూడబెట్టిన డబ్బు అడ్వాన్సు పేరుతో ఎవరి చేతిలోనూ పెట్టకండి.

సప్లిమెంటరీలో కూడా తప్పితే ఏమవుతుందన్నది మీరు అడగలేదు, కానీ చెప్పాలి. నీట్ ర్యాంకు ఆ ఏడాది ప్రవేశాలకే చెల్లుతుంది, దాచుకోవడానికి వీల్లేదు. అప్పుడు మళ్లీ మార్చిలో ఫిజిక్స్, మేలో నీట్. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, గరిష్ఠ వయసు పరిమితి లేదు. ఇప్పుడు పాసై, ర్యాంకు మాత్రం సరిపోకపోతే లాంగ్‌టర్మ్ (ఏడాది పాటు మళ్లీ నీట్ కోచింగ్) గురించి జూన్‌లో మాట్లాడుకుందాం. సప్లిమెంటరీ ముగిసేదాకా ఏ కోచింగ్ సెంటరుకూ ఫీజు కట్టవద్దు, పాపను వెంటబెట్టుకుని అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ తిప్పవద్దు. చేతిలో రెండు పరీక్షలున్న పిల్లకు మూడో బరువు ఎందుకు?

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మార్కులు కాదు, తినడం లేదన్న మాట. ఈ వారం పాపను ఇంట్లో ఒంటరిగా వదలకండి. డ్యూటీ మార్చుకోగలిగితే మార్చుకోండి, లేకపోతే వాళ్ల అమ్మో అమ్మమ్మో పక్కన ఉండాలి. చుట్టాలు ఫోన్ చేసి మార్కులు అడిగితే మీరే మాట్లాడండి, ఫోను ఆమెకు ఇవ్వకండి. ఆమె మాటల్లో బతుకు మీద విసుగు వినిపిస్తే ఆలోచించకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పరీక్షకు ముందు రోజు కేంద్రం ఎక్కడుందో ఒకసారి చూసి రండి. హైదరాబాద్‌లో దారి ఎంత సేపు పడుతుందో మీ కంటే బాగా తెలిసిన వాళ్లెవరు? మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గేటు మూస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తీయరు.

కౌన్సెలింగ్‌కు కావలసిన కాగితాలు మీరు ఇప్పటి నుంచే పోగుచేయవచ్చు. పదో తరగతి మెమో, కులం, ఆదాయం పత్రాలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. తొమ్మిది, పది చదివిన స్కూలుకు మీరు వెళ్లి రండి, పాపను చదువుకోనివ్వండి.