రోబో వచ్చాడా, వచ్చిందా?

సందేహం: పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ కథలు తెలుగు చేస్తున్నాను. రోబో 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? 'మూడు రోబోలు' ఒప్పా, 'ముగ్గురు రోబోలు' ఒప్పా? 'మరమనిషి' అని రాస్తే మా పిల్లలు 'ధాన్యం మర దగ్గరుండే మనిషా?' అని అడుగుతున్నారు. ఇంకొకటి, జూల్స్ వెర్న్ నవల పేరులో ఉన్న ఇరవై వేల లీగులు సముద్రం లోతేనా? – ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: ముందు మరమనిషి సంగతి చూద్దాం. పిల్లల్ని కోప్పడకండి, వాళ్ళ వ్యాకరణం సరిగ్గానే ఉంది. పని చేసే మనిషి పనిమనిషి, పాలు పోసే మనిషి పాలమనిషి. ఆ వరసలో మరమనిషి అంటే మర దగ్గరి మనిషే అవుతుంది, ధాన్యం మర ఆడించుకునే ఊళ్ళలో మరీను. మరమగ్గం అన్నప్పుడు ఈ చిక్కు రాదు. పొందూరులో ఎవరినడిగినా చేమగ్గానికీ మరమగ్గానికీ తేడా చెప్తారు. మగ్గం వస్తువు కాబట్టి 'మరతో నడిచేది' అన్న అర్థం ఒక్కటే అక్కడ పొసుగుతుంది. రెండో పదం 'మనిషి' అయ్యేసరికి 'మర యొక్క మనిషి' అనీ, 'మర అయిన మనిషి' అనీ సమాసం రెండు దారులు పడుతుంది. యంత్రమానవుడికి ఆ గొడవ లేదు గాని, చివర 'డు' తగలగానే మగవాడైపోయాడు. రోబో అనే రాయండి.

ఆ మాట పుట్టుక చూసినా 'మర' నప్పదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలోది అది. మాట సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరి. ఆ నాటకంలోని రోబోలు ఇనుప బొమ్మలు కావు, కృత్రిమంగా తయారుచేసిన జీవపదార్థంతో పోతపోసిన మనుషుల్లాంటివి. వాటిలో వెతికినా ఒక మరమేకు దొరకదు. మూలానికి దగ్గరి తెలుగు 'వెట్టివాడు', కానీ వందేళ్ళు ఆలస్యమైంది.

ఇక అసలు ప్రశ్న. చిన్నయ సూరి బాలవ్యాకరణం లెక్కన స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు పోగా మిగిలినవి మహత్తులు, అంటే 'వచ్చాడు' అనదగినవి. రోబో జడం కాబట్టి అమహత్తు, 'వచ్చింది' అనాలి అని చేతులు దులుపుకోవచ్చు. కానీ వాడుక అంత తేలిగ్గా లొంగదు. మండే గోళమైన సూర్యుడు 'ఉదయించాడు', నెలల పసివాడు మగపిల్లాడైనా 'బిడ్డ ఏడ్చింది'. ప్రాణం ఉందా లేదా అన్నది ఇక్కడ కొలత కాదు, మాట్లాడేవాళ్ళు దాన్ని ఎవరి జట్టులో కలుపుకున్నారన్నదే కొలత. 2010 నాటి 'రోబో' సినిమాలో చిట్టిని ఎవరూ 'అది' అనుకోలేదు, 'వాడు' అనే అనుకున్నారు.

ఐజాక్ అసిమోవ్ 'రాబీ' కథ (1940) ఈ విషయానికి చక్కటి పరీక్ష. గ్లోరియా అనే ఎనిమిదేళ్ళ పిల్లను ఆడించే మాటలు రాని రోబో రాబీ. తల్లి దాన్ని వదిలించుకుని, బదులుగా ఒక కుక్కను తెస్తుంది. సూరి లెక్కలో కుక్కా రోబో రెండూ అమహత్తులే, సరిపోయిందనుకోవాలి. గ్లోరియా ఒప్పుకోదు. రాబీ యంత్రం కాదు, నీలా నాలా మనిషే, నా స్నేహితుడు అని ఏడుస్తుంది. తల్లి నోట 'అది పోయింది', పిల్ల నోట 'వాడు పోయాడు' అని రాయడమే ఇక్కడ సరైన తెలుగు. రెండింటినీ ఒకేలా సరిదిద్దితే ఆ తల్లీకూతుళ్ళ తగవు మాయమైపోతుంది.

కాబట్టి కథకుడి మాట ఏదో ముందే తేల్చుకోండి. పాత్రల మాట మాత్రం పాత్రలకే వదిలేయండి. చిత్తుప్రతి అయ్యాక క్రియ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎక్కువ తప్పులు సంఖ్య దగ్గర దొర్లుతాయి. మనుషుల్లో కలిపితే, ఆడైనా మగైనా, ఇద్దరు, ముగ్గురు అంటూ ఏడుగురి దాకా వెళ్ళి, ఎనిమిది నుంచి 'మంది' అంటాం. కలపకపోతే వట్టి అంకె చాలు. 'మూడు రోబోలు వచ్చాయి' ఒప్పు, 'ముగ్గురు రోబోలు వచ్చారు' కూడా ఒప్పే. 'ముగ్గురు రోబోలు వచ్చాయి' అంటేనే వాక్యం కుంటుతుంది. 'ఎన్ని రోబోలు', 'ఎంతమంది రోబోలు' అన్నప్పుడూ ఇదే పద్ధతి. ఇక చాలామంది కంటికి ఆననిది వాక్యంలోని కర్మ, అంటే 'దేన్ని, ఎవరిని' అన్నదానికి జవాబయ్యే మాట. వస్తువుకు 'ను' లేకపోయినా నడుస్తుంది: 'రోబో కొన్నారు', 'రోబో అమ్మేశారు'. మనిషికి నడవదు, 'తమ్ముడు వెతికింది' అంటే అర్థమే మారిపోతుంది. గ్లోరియా 'రాబీని' వెతకాలి. తండ్రి మాత్రం 'రోబో కొన్నాను' అనవచ్చు.

ఆడ రోబో దగ్గర మన భాష ఇంకో మెలిక పెడుతుంది. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒక్కటే: అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. శ్రీకాకుళం వైపు 'మా గుంట ఒచ్చీసినాది' (మా పిల్ల వచ్చేసింది) అంటే అందులో మురిపెమే తప్ప చిన్నచూపు లేదు. అందువల్ల ఆడ రోబో మనిషిగా మారినా క్రియలో ఆ ఛాయ కనబడదు, బహువచనంలోనే బయటపడుతుంది. చాపెక్ నాటకం చివర ప్రైమస్, హెలెనా అనే రెండు రోబోలను, మిగిలిన ఒకే ఒక్క మనిషి కొత్త ఆదాము, అవ్వగా పంపిస్తాడు. 'హెలెనా వెళ్ళింది' అన్నంతసేపూ ఆమె ఏమిటో తెలియదు. 'ఇద్దరూ వెళ్ళారు' అన్నప్పుడు తెలుస్తుంది. ఆ నాటకాన్ని తెలుగు చేసేవారు అంతదాకా 'వెళ్ళాయి' అనే రాసుకొచ్చి, ఈ ఒక్కచోట 'వెళ్ళారు' అంటే చాలు, పక్కన వివరణ అక్కర్లేదు.

రోబోలతోనే కాదు, మనుషుల్లాంటివాళ్ళతోనూ ఈ చిక్కు వస్తుంది. ఉర్సులా లె గ్విన్ 1969 నవల 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో గెథెన్ గ్రహవాసులకు స్థిరమైన ఆడ, మగ తేడా ఉండదు. ఇంగ్లీషులో ఆమె మగ సర్వనామమే వాడింది. తెలుగులో నేను, నువ్వు, తను అన్న మాటలకు లింగం లేదు, 'మనిషి'కీ లేదు. ఇబ్బందల్లా ప్రథమ పురుష ఏకవచనపు క్రియతోనే. 'వారు వచ్చారు' అంటే గండం గడుస్తుంది గాని, ప్రాణస్నేహితుల మధ్య ఆ మర్యాద ఎబ్బెట్టు. 'వచ్చిన మనిషి', 'తను రావడం' లాంటి రూపాలతో వీలైనంత నెట్టుకు రావాలి.

చివరిగా లీగులు. అది లోతు కాదు, దూరం. వెర్న్ లెక్కలో లీగంటే 4 కిలోమీటర్లు, ఇరవై వేల లీగులు 80 వేల కిలోమీటర్లు. భూమి వ్యాసమే సుమారు 12,740 కిలోమీటర్లు. అంత లోతుకు దిగితే ఆ నవలలోని జలాంతర్గామి నాటిలస్ అవతలి వైపు తేలి, ఆకాశంలోకి చాలా దూరం పోవాలి. ఫ్రెంచి పేరులో సముద్రం బహువచనంలో ఉంది, కాబట్టి 'సముద్రాల అడుగున ఇరవై వేల లీగుల ప్రయాణం' అనండి. 'ప్రయాణం' చేర్చితే లోతన్న భ్రమ పోతుంది. అన్నట్టు, నాటిలస్‌ను నడిపే కెప్టెన్ నెమోను 'అతను' అనకండి. ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు దక్కర్ అని 'మిస్టీరియస్ ఐలాండ్' నవలలో వెర్నే బయటపెట్టాడు. 'ఆయన' అనండి.