తొలి మెన్నోనైట్ పాస్టర్ కాగితం మిల్లు నడిపాడట, నిజమేనా?

ప్రశ్న: మాది జడ్చర్ల. అమ్మమ్మ కాలం నుంచీ మేం మెన్నోనైట్ బ్రెదరెన్ చర్చి వాళ్లమే. అమెరికాలో మొదట్లో దిగిన మెన్నోనైట్లలో ఒకాయన పాస్టర్‌గా ఉంటూనే కాగితం మిల్లు పెట్టాడని విన్నాను. ఎవరాయన? పాస్టర్‌కి మిల్లేంటండీ? – ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనండీ, ఆయన పేరు విలియం రిటెన్‌హౌస్. ముందు ఒక మాట, మీ చర్చి వేరే కొమ్మ, మెన్నోనైట్ బ్రెదరెన్ 1860లో రష్యాలో మొదలైంది, పాలమూరు వైపు వచ్చిన మిషనరీలు ఆ కొమ్మ వాళ్లు. కానీ మెన్నోనైట్ క్రైస్తవులందరికీ వేరు ఒకటే. పెద్దయ్యాక తెలిసి తీసుకునే బాప్తిస్మం, ఆయుధం పట్టకపోవడం, ఒట్టు వేయకపోవడం, ఇవన్నీ 1536లో కాథలిక్ ప్రీస్ట్ పని వదిలేసి వచ్చిన మెన్నో సైమన్స్ నాటి నుంచి వస్తున్నవే.

రిటెన్‌హౌస్ పుట్టింది 1644లో, జర్మనీలో రూర్ నది దగ్గరి మ్యూల్‌హైమ్ ప్రాంతంలో. కాగితం పని వచ్చినవాడు, కొన్నాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండి 1688లో కుటుంబంతో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ చేరాడు. అప్పటికి ఆ ఊరికి ఐదేళ్లే, 1683లో జర్మనీలోని క్రేఫెల్డ్ నుంచి వచ్చిన 13 కుటుంబాలు అడవి కొట్టుకుని వేసుకున్న ఊరది, చాలామంది అవిసె నారతో బట్ట నేసేవాళ్లు. ఇదే ఆయనకి కలిసొచ్చింది, ఎందుకంటే అప్పట్లో కాగితం చెట్టు నుంచి రాదు, చిరిగిపోయిన నార బట్టల నుంచి వస్తుంది. పక్కనే ఫిలడెల్ఫియాలో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ప్రింటర్ ఉన్నాడు, ప్రెస్సు ఉంది గానీ కాగితం ఓడలో రావాలి. ఇంకేముంది, 1690లో బ్రాడ్‌ఫర్డ్, శామ్యూల్ కార్పెంటర్, రాబర్ట్ టర్నర్ లాంటి వాళ్లతో కలిసి విస్సహికన్ అనే పెద్ద వాగులో కలిసే మోనోషోన్ అనే చిన్న వాగు మీద మిల్లు పెట్టారు. బ్రిటిష్ అమెరికాలో అదే మొదటి కాగితం మిల్లు.

మిల్లు అనగానే మెషీన్లు ఊహించుకోకండి. పేలికలు ఏరాలి, ముక్కలు చేయాలి, తడిపి కుప్ప పోసి మురగనివ్వాలి, తర్వాత నీటి చక్రంతో లేచిపడే పెద్ద రోకళ్ల కింద గుజ్జయ్యేదాకా దంచాలి. ఆ గుజ్జు తొట్టిలో నీళ్లలో కలిపి, సన్న తీగలు అల్లిన చట్రం ముంచి పైకెత్తి ఒక్క ఊపు ఊపితే నీళ్లు కారిపోయి పల్చటి పొర మిగులుతుంది. దాన్ని ఉన్ని గుడ్డ మీద బోర్లించి, దొంతర పేర్చి నొక్కి, పైన దండేల మీద ఆరేసి, రాసుకునే కాగితమైతే తోళ్ల ముక్కలు ఉడకబెట్టి తీసిన జిగురులో ముంచేవాళ్లు, లేకపోతే సిరా పాకిపోతుంది. ఒక్కో షీటుకీ ఇదంతా! వెలుతురుకి ఎత్తి చూస్తే తెలియడానికి జర్మన్‌టౌన్ గుర్తైన మూడాకుల క్లోవర్ వాటర్‌మార్క్ వేసుకున్నారు.

కష్టాలూ వచ్చాయి. 1692లో క్వేకర్ (ఇంకో క్రైస్తవ శాఖ) పెద్దలకి నచ్చని కరపత్రం అచ్చేసినందుకు బ్రాడ్‌ఫర్డ్ జైలుకెళ్లి, మరుసటి ఏడాది న్యూయార్క్ వెళ్లిపోయాడు. 1697లో తన పావు వాటాని పదేళ్లకి రిటెన్‌హౌస్, ఆయన కొడుకు నికోలస్‌లకి లీజుకిచ్చాడు, లీజు డబ్బుల్లో కాదు, ఏటా 7 రీముల (రీము అంటే దాదాపు 500 షీట్ల కట్ట) ప్రింటింగ్ పేపరు, 2 రీముల మంచి రైటింగ్ పేపరు, 2 రీముల నీలం కాగితం. నాకైతే ఆయన బతుకు గురించి పెద్ద పెద్ద మాటలకన్నా ఈ లీజే ఎక్కువ చెబుతుంది. ఆ తర్వాత 1700 ప్రాంతంలో వరదొచ్చి మిల్లుని ఊడ్చుకుపోయింది, అప్పటికి ఆయనకి యాభై ఆరేళ్లు అటూ ఇటూ. ఈ తండ్రీకొడుకులకి సాయం చేయండని పెన్సిల్వేనియాని స్థాపించిన విలియం పెన్ స్వయంగా జనాన్ని కోరాడు, మిల్లు మళ్లీ లేచింది. మిల్లున్న 20 ఎకరాలని కార్పెంటర్ దగ్గర్నుంచి 975 ఏళ్లకి లీజుకి, ఏటా 5 షిల్లింగుల మీద తీసుకున్నారు.

ఇక పాస్టర్‌కి మిల్లేంటి అన్నారు కదా, ఆ కాలపు మెన్నోనైట్లలో పాస్టర్‌కి జీతం ఉండేది కాదండీ, సంఘం తమలో ఒకరిని ఎన్నుకునేది, ఆయన తన పని తను చేసుకుంటూ ఆదివారం వాక్యం చెప్పేవాడు. జర్మన్‌టౌన్‌లో మొదట్లో ఇళ్లలోనే కూడేవాళ్లు, బోధకుడు లేక ఎవరో ఒకరు పుస్తకంలోంచి ప్రసంగం చదివి వినిపించేవాళ్లు. తర్వాత రిటెన్‌హౌస్‌ని ఎన్నుకున్నారు, అమెరికాలో మొదటి మెన్నోనైట్ బోధకుడు ఆయనే. వారమంతా పేలికల కంపులో నిలబడిన మనిషి సంఘం ముందు నిలబడి మాట్లాడుతుంటే వినేవాళ్లకి ఆయన మీద ఎంత నమ్మకం ఉండేదో నేను ఊహించుకోగలను. 1708లో ఆయన పోయాడు, అదే ఏడు అక్కడ దుంగలతో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు.

మిల్లు నికోలస్ చేతికి వచ్చింది. నికోలస్ బావమరిది విలియం డివీస్ ఈ మిల్లులోనే పని నేర్చుకుని 1710లో రెండో మిల్లు పెట్టాడు. 1769లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని గమనించి, 1792లో అమెరికా టంకశాలకి మొదటి డైరెక్టర్ అయిన డేవిడ్ రిటెన్‌హౌస్ మన విలియం రిటెన్‌హౌస్ మునిమనవడే.

ప్రశ్న: జర్మన్‌టౌన్ వాళ్లు బానిసత్వం వద్దని అందరికన్నా ముందు రాశారంటారు, ఈయన కూడా సంతకం పెట్టాడా?

జవాబు: లేదండీ. 1688 నాటి ఆ అర్జీ మీద ఉన్నవి నాలుగే సంతకాలు: ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్, గారెట్ హెండ్రిక్స్, డెరిక్, అబ్రహామ్ ఆప్ డెన్ గ్రాఫ్ అన్నదమ్ములు. వాళ్లు క్వేకర్ల సభకి హాజరయ్యేవాళ్లు, అయితే క్రేఫెల్డ్ కుటుంబాల్లో చాలామందికి మెన్నోనైట్ మూలాలున్నాయి, మనిషిని కొనడం అమ్మడం దొంగతనంతో సమానమని వాళ్లు సూటిగానే అడిగారు. స్థానిక సభ పై సభకి, అది ఇంకా పై సభకి పంపుకుంటూ పోయి చివరికి బర్లింగ్టన్‌లో వార్షిక సభ ఇది మేం తేల్చేది కాదని పక్కన పెట్టేసింది. ఆ కాగితం 1844లో గానీ మళ్లీ బయటపడలేదు. రిటెన్‌హౌస్ జర్మన్‌టౌన్ చేరింది కూడా ఆ 1688లోనే.