ఓడింది నా వల్లే అంటోంది మా అమ్మాయి

అమ్మాయిల హాకీ గురించి, వాళ్ల జూనియర్ ప్రపంచకప్ గురించి ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. నేను గోల్‌కీపర్‌గా ఆడాను. ఆ తర్వాత పాతికేళ్లుగా అమ్మాయిలకు ఆట నేర్పుతున్నాను. ఆ అనుభవంతోనే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయికి పదమూడేళ్లు. స్కూల్ హాకీ జట్టులో గోల్‌కీపర్. పోయిన నెల సెమీఫైనల్ డ్రా అయితే షూటౌట్ పెట్టారు. మూడు గోల్స్ పడ్డాయి, జట్టు ఓడిపోయింది. అప్పటి నుంచి 'నా వల్లే ఓడిపోయాం' అంటూ ప్యాడ్లు ముట్టుకోవడం లేదు. నాకు హాకీ తెలియదు. ఏం చెప్పి ఓదార్చాలో కూడా తెలియడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి అన్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను.

మా రోజుల్లో షూటౌట్ లేదు, పెనాల్టీ స్ట్రోకులే. గోల్‌కి 6.40 మీటర్ల దూరంలో బంతి పెట్టి కొట్టేవాళ్లు. కీపర్ గీత మీదే నిలబడి ఆపాలి. యూనివర్సిటీ టోర్నీ ఫైనల్లో నేను నాలుగు స్ట్రోకులు వదిలేశాను. అందరూ బస్సెక్కినా నేను ప్యాడ్లు విప్పకుండా గోల్‌పోస్టు పక్కనే కూర్చుండిపోయాను. మా కోచ్ సార్ వచ్చి ఏమీ అనలేదు. పక్కన కూర్చుని స్కోరు పుస్తకం తెరిచారు. ఆ మ్యాచ్‌లో మాకు ఏడు పెనాల్టీ కార్నర్లు (గోల్ దగ్గర ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే దొరికే అవకాశాలు) వచ్చాయి, ఒక్కటీ గోల్ కాలేదు. 'వీటిలో నువ్వు కొట్టినవి ఎన్నమ్మా?' అని అడిగారు. ఒక్కటీ లేదు. 'మరి లెక్క మొత్తం నీ పేరున ఎందుకు రాసుకుంటున్నావు?' అన్నారు. అంతే. ఆయనే వంగి ఎడమ కాలి ప్యాడ్ బకిల్ విప్పారు.

గోల్ కొట్టాల్సిన ఫార్వర్డ్ పోగొట్టుకున్న బంతిని పది నిమిషాల్లో అందరూ మర్చిపోతారు. కీపర్ వదిలిన బంతి మాత్రం స్కోరుబోర్డు మీద కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆ వయసు పిల్లకి నింద అంతా తనదే అనిపిస్తుంది.

మీ అమ్మాయికి ఒక మ్యాచ్ కథ చెప్పండి. 2022 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో జూనియర్ మహిళల ప్రపంచకప్ జరిగింది. నిజానికి అది 2021 డిసెంబరులో జరగాల్సింది, కరోనా వల్ల వాయిదా పడింది. మన అమ్మాయిలు క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియాను 3-0తో ఓడించి, సెమీస్‌లో నెదర్లాండ్స్ చేతిలో ఓడారు. కాంస్యం కోసం ఇంగ్లండ్‌తో ఆట. ముంతాజ్ ఖాన్ రెండు గోల్స్ కొట్టింది. మనం 2-1తో ముందున్నాం. ఆట 60 నిమిషాలైతే, 58వ నిమిషంలో ఇంగ్లండ్ సమం చేసింది. షూటౌట్‌లో ఇంగ్లండ్‌కి మూడు గోల్స్, మనకి ఒక్కటీ లేదు. పతకం చేజారింది.

ఇందులో కీపర్ తప్పు ఎంత? మూడు పడ్డాయి, నిజమే. కానీ మన వైపు నుంచి ఒక్కటీ వెళ్లకపోతే ప్రపంచంలో ఏ కీపర్ మాత్రం గెలిపించగలదు? ఆ రోజు గోల్‌లో ఉన్న బిచ్చూ దేవి ఖరిబం ఆ తర్వాత సీనియర్ జట్టుకూ గోల్‌కీపర్‌గా ఆడింది. ఆ జట్టు కెప్టెన్ సలీమా టేటే 2024లో సీనియర్ జట్టుకు కెప్టెన్ అయింది. ఓడిన ఆ షూటౌట్ తర్వాతే ఇదంతా జరిగింది.

ఇక షూటౌట్ అంటే ఏమిటో మీకు కూడా తెలిస్తే మంచిది. అప్పుడు పాపతో మాట్లాడటం తేలికవుతుంది. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. గోల్‌కి 23 మీటర్ల దూరంలో ఉన్న గీత దగ్గర బంతితో మొదలుపెడతారు. కీపర్ గోల్ గీత మీద ఉంటుంది. ఈల వేయగానే ఇద్దరూ కదలొచ్చు. ఎనిమిది సెకన్లలో గోల్ కొట్టాలి. కీపర్ ఆపిన బంతి తిరిగి వస్తే, టైమ్ ఉంటే మళ్లీ కొట్టొచ్చు. బంతి మైదానం దాటినా, ఎనిమిది సెకన్లు అయిపోయినా ఆ అవకాశం ముగిసినట్టే. కీపర్ కావాలని ఫౌల్ చేస్తే ఎదుటి జట్టుకు స్ట్రోక్ ఇస్తారు. పొరపాటున చేస్తే అదే అవకాశాన్ని మళ్లీ ఆడిస్తారు. ఐదేసి అయ్యాక కూడా సమంగా ఉంటే ఒక్కొక్కరు చొప్పున తేలేదాకా సాగుతుంది.

చూసేవాళ్లకి ఇది అదృష్టంలా కనిపిస్తుంది. కాదమ్మా, ఇది నేర్చుకునే పని. కొత్త కీపర్లు చేసే పొరపాటు దాదాపు ఒకటే: తొందరపడి పడుకుండిపోతారు. ఎదుటి అమ్మాయి భుజం ఇటు కదిపితే వీళ్లు ఇటే దూకుతారు. ఆమె బంతిని అటు లాక్కుని ఖాళీ గోల్‌లోకి నెట్టేస్తుంది. గీత మీదే ఉండిపోవడం ఇంకో పొరపాటు. నేను నేర్పేది ఇలా ఉంటుంది. ఈల వినగానే గబగబా ముందుకు రావాలి, గోల్ ఎంత మూసేస్తే అంత మంచిది. దగ్గరికి వచ్చాక మాత్రం ఆగి, మోకాళ్లు వంచి, కాళ్ల మీదే ఉండాలి. బంతితో వచ్చే అమ్మాయిని తన రివర్స్ స్టిక్ వైపు, అంటే ఆమె ఎడమ పక్కకి తిరిగేలా చేయాలి. అక్కడి నుంచి కొట్టడం కష్టం, గోల్ సందు కూడా చిన్నదైపోతుంది. సమయం గోల్‌కీపర్ పక్షాన ఉంటుంది. ఆమె తిరిగే ప్రతి అడుగుకీ ఒక సెకను పోతుంది.

ప్రాక్టీస్‌లో నేను పక్కన నిలబడి గట్టిగా లెక్కపెడతాను: ఒకటి, రెండు, మూడు... కొన్ని రోజులకి పిల్లల ఒంట్లోకే ఆ లెక్క వెళ్లిపోతుంది. ఆరు దాటగానే కొట్టే అమ్మాయి కంగారుపడటం కీపర్ కళ్లతో చూస్తుంది. ఆ కంగారు ఒక్కసారి చూసిన పిల్లకి షూటౌట్ అంటే భయం సగం పోతుంది.

2024 డిసెంబరులో మస్కట్‌లో జూనియర్ ఆసియాకప్ ఫైనల్. చైనాతో 1-1. షూటౌట్‌లో మన కీపర్ నిధి మూడు ఆపింది, కప్పు మనది. గెలిచిన ఆ షూటౌట్‌లో కూడా నిధికి రెండు గోల్స్ పడ్డాయి. మీ పాపకి ఆ సంగతే ముందు చెప్పండి.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన రజని ఎతిమరపు కూడా కీపరే. 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. అదే జట్టులో మొదటి కీపర్ సవిత. మైదానంలో ఫార్వర్డ్‌లకి మూడు నాలుగు చోట్లుంటాయి, కీపర్‌కి ఒకటే చోటు. బెంచీ మీద కూర్చుని అంత ఓపికగా సిద్ధంగా ఉండటం ఎంత కష్టమో కీపర్లకే తెలుసు.

ఇప్పుడు మీరు చేయగలిగింది: ప్యాడ్లు కట్టుకోమని బలవంతపెట్టకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ సెమీఫైనల్ మొదటి నుంచీ తన చేతే చెప్పించండి. షూటౌట్ కాదు, మొత్తం మ్యాచ్. ఎన్ని ఆపిందో కాగితం మీద రాయండి. తను ఆపకపోతే షూటౌట్ దాకా వచ్చేవాళ్లే కాదని తనకే కనిపిస్తుంది. 'పోనీలే' అని మాత్రం అనకండి. ఆ పిల్లకి అది చిన్న విషయం కాదు.

ప్రశ్న: జూనియర్ ప్రపంచకప్ ఎన్నేళ్లకోసారి? వయసు లెక్క ఎలా? మనం ఎప్పుడైనా పతకం గెలిచామా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: 1989లో కెనడాలోని ఒట్టావాలో మొదలైంది. అప్పట్లో నాలుగేళ్లకోసారి జరిగేది, ఇప్పుడు రెండేళ్లకోసారి. టోర్నీ జరిగే ఏడాదికి ముందు డిసెంబరు 31 నాటికి 21 ఏళ్లు నిండకూడదు. ఉదాహరణకి 2025 టోర్నీకి 2004 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. 2023లో 16 జట్లు ఆడాయి, 2025లో 24 చేశారు. చిలీ రాజధాని శాంటియాగోలో 2005, 2016, 2023, 2025ల్లో నాలుగుసార్లు జరిగింది.

పతకం గెలిచాం. 2013లో జర్మనీలోని మోంచెన్‌గ్లాడ్‌బాక్‌లో కాంస్యం, ఈ టోర్నీలో మన అమ్మాయిలకి అదే మొదటి పతకం. సుశీలా చాను కెప్టెన్. ఇంగ్లండ్‌తో 1-1 అయ్యాక షూటౌట్‌లో 3-2తో గెలిచాం. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి రాణీ రాంపాల్, అప్పటికి 18 ఏళ్లే. పైన చెప్పిన 2022 మ్యాచ్ కూడా కాంస్యం కోసం, ఇంగ్లండ్‌తో, షూటౌటే. ఒకసారి మనది, ఒకసారి వాళ్లది.

ప్రశ్న: మా పిల్లలు మట్టి మైదానం మీద బాగా ఆడతారు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీదకి వెళ్లగానే బంతి కాళ్ల కిందనుంచి జారిపోతోంది. టర్ఫ్ అందుబాటులో లేనప్పుడు ఎలా సిద్ధం చేయాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, పిల్లల్లో లోపం లేదు. మట్టి మీద బంతి ఎగురుతూ, నెమ్మదిస్తూ వస్తుంది. పిల్లలు నిటారుగా నిలబడి, బంతి వచ్చేదాకా చూసి ఆపడానికి అలవాటు పడతారు. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద అదే బంతి నేలకి అంటుకుని దూసుకొస్తుంది. నిలబడి చూసేంత టైమ్ ఉండదు. ఒలింపిక్స్‌లో 1976 మాంట్రియల్ నుంచి హాకీ కృత్రిమ టర్ఫ్ మీదే జరుగుతోంది. పెద్ద టోర్నీలన్నీ దాని మీదే కాబట్టి ఈ తేడా మీద ముందే పని చేయాల్సిందే.

నున్నటి సిమెంటు నేల దొరికితే చాలు. బాస్కెట్‌బాల్ కోర్టు అయితే ఇంకా మంచిది. అక్కడ హిట్లు వద్దు, పుష్‌లే (స్టిక్‌ని బంతికి ఆనించి నెట్టడం) చేయించండి. మోకాళ్లు బాగా వంచి, కుడి చేతి పట్టు వదులుగా ఉంచి, బంతి తగిలే క్షణంలో స్టిక్‌ని కొద్దిగా వెనక్కి తీసుకోవాలి. బంతిని ఆపేసి తర్వాత ఆలోచించడం కాకుండా, ఆపుతూనే పక్కకి కదిలించాలి. రోజుకి ఇరవై నిమిషాలు ఇదొక్కటే. సిమెంటు మీద స్టిక్ అంచులు అరుగుతాయి కాబట్టి పాత స్టిక్‌లు వాడండి. అక్కడ పడటం, జారడం మాత్రం ఎవరిచేతా చేయించవద్దు, ముఖ్యంగా కీపర్ల చేత.

ప్రశ్న: పెనాల్టీ కార్నర్‌కి డిఫెండర్లు ముఖానికి మాస్కులు ఎందుకు పెట్టుకుంటారు? మా అమ్మాయి కూడా కొనమంటోంది.
– ఒక తండ్రి

జవాబు: కొనండి. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, గట్టి బంతి. కార్నర్‌లో మొదటి షాట్‌ని హిట్ చేస్తే అది గోల్ వెనక పలక ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు దాటకూడదు. డ్రాగ్ ఫ్లిక్‌కి, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్‌కి ఆ హద్దు లేదు, ముఖం ఎత్తున కూడా రావచ్చు. ఎదురు పరిగెత్తే అమ్మాయికి తప్పుకునే టైమ్ ఉండదు. మాస్కుతో పాటు దంతాలకి మౌత్ గార్డ్, షిన్ గార్డ్‌లు కూడా ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మాస్కు లేని అమ్మాయిని కార్నర్ ప్రాక్టీస్‌లో పక్కన కూర్చోబెడతాను.

ప్రశ్న: అక్కా, నాకు పదిహేనేళ్లు, రైట్ హాఫ్ (మైదానం మధ్యలో కుడి వైపు) ఆడతాను. జూనియర్ ప్రపంచకప్ మ్యాచ్‌లు ఫోన్‌లో చూస్తుంటాను. చూసి ఎలా నేర్చుకోవాలి? బంతి వెనకే కళ్లు వెళ్లిపోతున్నాయి.
– తొమ్మిదో తరగతి అమ్మాయి

జవాబు: చెల్లీ, మంచి ప్రశ్న. అందరి కళ్లూ బంతి వెనకే వెళ్తాయి. ఈసారి ఒక పని చెయ్యి. క్వార్టర్ అంటే 15 నిమిషాలు. మొదటి క్వార్టర్ అంతా రైట్ హాఫ్‌నే చూడు, బంతి ఎక్కడున్నా సరే. కెమెరా ఆమెను వదిలేస్తే, మళ్లీ కనిపించేసరికి ఎక్కడుందో చూడు. బంతి ఎడమ వైపు ఉన్నప్పుడు ఆమె ఎంత లోపలికి వస్తోంది? బంతి రాకముందు ఎన్నిసార్లు తల తిప్పి వెనక్కి చూసుకుంటోంది? బంతి పోగానే మొదటి రెండు అడుగులు ఎటు వేస్తోంది? నోట్‌బుక్కులో నాలుగు గీతలు గీసి గుర్తు పెట్టుకో. రెండో క్వార్టర్‌లో ఎదుటి జట్టు రైట్ హాఫ్‌ని చూడు. రాసింది ఫొటో తీసి నాకు పంపు. వచ్చే నెల దాని గురించే మాట్లాడుకుందాం.