పాత పుస్తకాల కోసం నెట్‌లో వెతుకుతున్న మా పాపకు

పాపా,

క్లాసుకు పాత పుస్తకాలు నెట్‌లో ఎక్కడ వెతకాలని నిన్న నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా. నువ్వు తెలుగు చెప్పే స్కూల్లో లైబ్రరీ అంటే ఒక బీరువా, అందులో పాత గైడ్లు, అంతే అన్నావు కదా. దానికి దిగులు పడొద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత కావ్యం చూడాలంటే పాకాల నుంచి బస్సెక్కి తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీకి పోయి, కావలసిన పేజీలు చేత్తో రాసుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. ఇప్పుడు అవే పుస్తకాలు పైసా ఖర్చు లేకుండా నీ ఫోన్‌లోకి వస్తున్నాయి. చిక్కంతా వాటిలో దేన్ని నమ్మి పిల్లల ముందు పెట్టాలన్న దగ్గరే.

మొదట ఆర్కైవ్ డాట్ ఆర్గ్ చూడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అందులో వేలల్లో ఉన్నాయి. తెలుగులో టైప్ చేస్తే ఏమీ రాలేదని వదిలేయకు. చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు ఎక్కించారు. చివర ‘ము’ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, ‘శ’కి ఎస్ ఒకసారి ఎస్‌హెచ్ ఒకసారి, అదీ కాకపోతే రచయిత పేరుతో వెతుకు, ఓపిక పడితే దొరుకుతుంది.

తర్వాత తెలుగు వికీసోర్స్, వికీపీడియా లాగే అందరూ కలిసి నడిపే పుస్తకాల సైట్. అక్కడ స్కాన్ పేజీ పక్కనే టైప్ చేసిన పాఠం ఉంటుంది, పేజీకి రంగు కూడా ఉంటుంది. ఎరుపు అంటే ఇంకా తప్పులు దిద్దలేదు, పసుపు అంటే ఒకరు దిద్దారు, ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా సరిచూశారు. ఆకుపచ్చ పేజీనే క్లాసుకు తీసుకో. ఈ పని చేసేవాళ్ళు జీతం లేకుండా చేస్తున్నారు, వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి నేను ఏదో సైట్‌లో ఉన్న పద్యాన్ని సరిచూడకుండా బోర్డు మీద రాసేశా. తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి గణాలు వేసుకుంటూ పోయి, మూడో పాదంలో ఒక అక్షరం తక్కువ వస్తోంది మేడం అని లేచి నిలబడింది. ఆ పిల్లదే రైటు. అప్పటి నుంచి క్లాసుకు పోయే ముందు పద్యాన్ని ఛందస్సుతో తూచి చూస్తున్నా. ఉత్పలమాలైతే పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. చంపకమాలైతే 21, యతి పదకొండో దగ్గర. లెక్క తప్పిందంటే టైపింగులో ఏదో ఎగిరిపోయింది, వెంటనే స్కాన్ బొమ్మకు పో. పాత అచ్చులోని అరసున్న, బండి ర, కంప్యూటర్ స్కాన్ బొమ్మను చదివి అక్షరాలుగా మార్చేటప్పుడు చాలాసార్లు పోతాయి. మాటకు అర్థం తెలియకపోతే ఆంధ్రభారతి నిఘంటువులో కొట్టు, బ్రౌన్, శబ్దరత్నాకరం లాంటివన్నీ ఒకేసారి వెతికి చూపిస్తుంది.

కాపీరైట్ అంటే టెన్షన్ అన్నావు. మన దేశంలో రచయిత చనిపోయిన సంవత్సరానికి 60 కలుపు, ఆ ఏడాది డిసెంబరు దాటితే పుస్తకం అందరిదీ. గురజాడ 1915లో పోయారు, కన్యాశుల్కం ధైర్యంగా పంచు. శ్రీశ్రీ పోయింది 1983లో, కాబట్టి 2043 చివరిదాకా హక్కులు ఉంటాయి, ఎవరో పీడీఎఫ్ పెట్టారు కదా అని నువ్వు వాట్సాప్ గ్రూపులో తిప్పొద్దు. మన జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం గారి పుస్తకాలూ అంతే, అవి కొని బీరువాలో పెట్టించు. ఇంకోటి, కావ్యం పాతదైనా దాని కింద వ్యాఖ్యానం ఈ మధ్య రాసిందైతే ఆ వ్యాఖ్యానానికి హక్కు వేరే ఉంటుంది.

అన్నమయ్య కీర్తనలకైతే టీటీడీ వాళ్ళ ఈబుక్స్ సైట్ ఉంది, ఊరికే దింపుకోవచ్చు. మన పిల్లలు ఆ పాటలు గుడి మైకులో వింటూ పెరిగినవాళ్ళు, కాగితం మీద చూపిస్తే ఓహో ఇది ఆ మాటా అని కళ్ళు పెద్దవి చేస్తారు, ఆ గంట నువ్వు ఎక్కువ చెప్పే పనే ఉండదు. మీ ఇంగ్లీషు సారుకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ గురించి చెప్పు, 1971లో మొదలైంది, పాత ఇంగ్లీషు నవలలు లాగిన్ కూడా అడగకుండా ఇస్తుంది.

ఒక్క మాట, పుస్తకం మొత్తం పిల్లలకు పంపొద్దు, రెండు మూడు వందల పేజీల స్కాన్ వాళ్ళ ఫోన్లలో తెరుచుకోదు, తెరిచినా చదవరు. నువ్వు ముందు చదివి, పైకి చదివితే బాగుండే రెండు పేజీలు ఎంచుకుని జిరాక్స్ తీయించు. క్లాసులో నెట్‌ని నమ్ముకోకుండా రాత్రే దింపి పెట్టుకో.

ఆదివారం తిరుపతికి వస్తావు కదా, నా పెన్‌డ్రైవ్ తీసుకుపో. సరిచూసినవి ఒక ఫోల్డర్‌లో, చూడనివి ఇంకో ఫోల్డర్‌లో పెట్టాను, రెండూ కలిపేయకు.

మీ పెద్దమ్మ