వీడియోలకి లేని రూల్ నా ఫోన్‌కేనా?

ప్రశ్న: మావారు పన్నెండేళ్లుగా పెద్ద ట్రక్కు నడుపుతున్నారు. వారంలో ఐదు రాత్రులు రోడ్డు మీదే. కిందటేడు కంపెనీ వాళ్లు క్యాబిన్‌లో కెమెరా పెట్టారు. బండి కదులుతుండగా ఫోన్ చేత్తో పట్టుకుంటే మొదటిసారి నోటిమాటగా వార్నింగ్, రెండోసారి కాగితం మీద, మూడోసారి ఉద్యోగం పోతుందని సంతకం పెట్టించుకున్నారు. మొదటి వార్నింగ్ నా ఫోన్ ఎత్తినందుకే వచ్చింది. అప్పట్నుంచి నేను చేస్తే ఎత్తరు, పైగా ‘నీ వల్లే నా రికార్డు పాడైంది’ అంటారు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే మాత్రం ఎత్తాలట, లేకపోతే వాళ్లు తిడతారట. సరే అని ఊరుకున్నాను. పోయిన వారం ఆయన బ్యాగు సర్దుతుంటే రెండో వార్నింగ్ కాగితం కనబడింది. నాకు చెప్పనే లేదు. కారణం చూస్తే, బండి నడుపుతూ ఫోన్‌లో వీడియోలు చూశారని. అడిగితే ‘నిద్ర రాకుండా చూశాను, నీకేం తెలుసు’ అని అరిచారు. నా ఫోన్ ఎత్తడానికి అడ్డొచ్చిన రూల్ వీడియోలకి అడ్డురాలేదా? రాత్రిళ్లు ఆయన ఆన్‌లైన్‌లో ఉన్నారా లేదా అని చూస్తూ కూర్చుంటున్నాను. ఏడేళ్ల పాప రోజూ నాన్నతో మాట్లాడాలని ఏడుస్తుంది. ఈ ఉద్యోగం మానేయమని చెప్పనా? నేనే ఫోన్ చేయడం మానేయనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకన్నా వాటి ముందున్న వాక్యమే నన్ను పట్టుకుంది. వీడియోలకి అడ్డురాని రూల్ నాకే ఎందుకు అడ్డొచ్చింది అన్నారే, అందులో రూల్ గురించిన సందేహం ఏమీ లేదు, ముక్కూమొహం తెలియనివాళ్ల వీడియోలకన్నా నేను తీసిపోయానా అన్న బాధే ఉంది. ఆ బాధ న్యాయమైనదే. కాకపోతే కోపంలో దాన్ని ఆయన్ని అదే మాటల్లో అడిగితే, ‘అయితే ఇకనుంచి నీ ఫోన్ కూడా ఎత్తుతాలే’ అంటారు, మీకు కావాల్సింది అది కాదు కదా.

ముందు తప్పులు ఎవరివి వాళ్లకి పంచేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అవన్నీ ఒకే మూటలో ఉన్నాయి. మొదటి వార్నింగ్‌లో మీ వాటా కొంచెం ఉంది. ఆయన ఆ టైమ్‌లో నడుపుతుంటారని మీకు తెలిసే చేసి ఉంటారు, నిజంగా తెలియకపోతే ఆ కొంచెం కూడా లేదు. కానీ మోగిన ప్రతి ఫోన్ ఎత్తాలని ఎక్కడా లేదు, ఎత్తిన చెయ్యి ఆయనది. రెండో వార్నింగ్ పూర్తిగా ఆయనదే. దాన్ని దాచడమూ ఆయనదే. ‘నీ వల్లే’ అన్న మాట రెండోసారి వస్తే, గొడవ పడకుండా, గొంతు పెంచకుండా, ‘మొదటిదాంట్లో నా పాలు ఒప్పుకుంటాను, రెండోది నాది కాదు’ అని చెప్పండి. అంతకుమించి ఒక్క మాట అక్కర్లేదు.

ఇక ఆయన చెప్పిన నిద్ర సంగతి. దీన్ని మీరు సాకు అని కొట్టిపారేశారు, నేను కొట్టిపారేయను. రాత్రి మూడు గంటలప్పుడు తిన్నని రోడ్డు మీద ఒక్కడే కూర్చుని ఉన్న మనిషికి ఏదో ఒక గొంతు వినబడాలనిపించడం సహజం. 2009లో అమెరికాలో వర్జీనియా టెక్ అనే విశ్వవిద్యాలయం వాళ్లు ట్రక్కుల్లోనే కెమెరాలు పెట్టి చేసిన అధ్యయనంలో, చేత్తో పట్టుకోకుండా హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడటం వల్ల ట్రక్కు డ్రైవర్లకి ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. మాట మనిషిని మెలకువగా ఉంచి ఉండొచ్చు. ఇది మీవారి పక్షాన మాట్లాడే విషయం, అందుకే దాచకుండా చెబుతున్నాను. కానీ అదే అధ్యయనంలో, నడుపుతూ మెసేజ్ కొట్టేవాళ్లకి ప్రమాదమో, త్రుటిలో తప్పిన ప్రమాదమో జరిగే అవకాశం 23 రెట్లు ఎక్కువని తేలింది. ఆరు సెకన్లలో నాలుగున్నర సెకన్లకి పైగా వాళ్ల కళ్లు రోడ్డు మీద లేవు. గంటకి 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి పాతిక మీటర్లు పోతుంది, అంటే ఆ నాలుగున్నర సెకన్లలో వంద మీటర్లు దాటిపోతుంది, అదీ కళ్లు మూసుకున్నట్టే, వెనకాల టన్నుల కొద్దీ సరుకుతో. వీడియో చూడటం ఈ రెండో రకంలోకి వస్తుంది. చెవులకి తోడు కావాలంటే రేడియో ఉంది, బయల్దేరేముందే పెట్టుకున్న పాటలున్నాయి. నిజంగా కళ్లు మూతలు పడుతుంటే వీడియోలూ పాటలూ ఏవీ పనికిరావు, బండి పక్కకి ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయాల్సిందే. ఇది ఆయనకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు.

మాట్లాడటం ప్రమాదం కాదని పై మాటకి అర్థం తీసుకోకండి. 2010 మార్చిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక ట్రక్కు తెల్లవారుజామున డివైడర్ దాటి అవతలివైపు వెళ్లి ఒక వ్యాన్‌ని ఢీకొట్టింది, ట్రక్కు డ్రైవరుతో కలిపి పదకొండు మంది పోయారు. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చిందేమిటంటే, ఆ డ్రైవరు అంతకుముందు 24 గంటల్లో నడుపుతూనే కాల్స్‌కీ మెసేజ్‌లకీ కలిపి 69 సార్లు ఫోన్ వాడాడు, చివరి కాల్ చేసిన సమయమూ బండి రోడ్డు వదిలిన సమయమూ ఒకటే. వృత్తి డ్రైవర్లకి అత్యవసరం అయితే తప్ప హ్యాండ్స్‌ఫ్రీ కూడా వద్దని ఆ బోర్డు సిఫార్సు చేసింది. అయితే అక్కడి ప్రభుత్వం నిషేధించింది చేత్తో పట్టుకునే ఫోన్‌ని మాత్రమే. అసలు మాటల్లోనూ మాటలుంటాయి. పొద్దున ఏం జరిగింది, పాప ఏం చేసింది అనే మాట వేరు. ‘నిన్న ఎవరితో ఉన్నావు, ఆ డబ్బు ఏం చేశావు’ అనే మాట వేరు. రెండోరకం మాట్లాడుతున్న మనిషి కళ్లు రోడ్డు మీదే ఉన్నా చూపు ఇంట్లో ఉంటుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. అమెరికాలో అయితే 2012 నుంచి వాణిజ్య వాహనాల డ్రైవర్లు చేత్తో ఫోన్ పట్టుకోకూడదు, ఒక్క బటన్ నొక్కి కాల్ తీసుకోవడం వరకే, అదీ సీటులోంచి వంగి వెతుక్కోకుండా. సిగ్నల్ దగ్గర ఆగినా నడుపుతున్నట్టే లెక్క. (నేను కారులో సిగ్నల్ దగ్గర ఫోన్ చూసేదాన్నే, వెనకనుంచి హారన్ మోగేదాకా, కాబట్టి ఇది చదివి సిగ్గుపడ్డాను.) మూడేళ్లలో రెండుసార్లు దొరికి శిక్ష పడితే అరవై రోజులు వాణిజ్య బండి ముట్టుకోకూడదు, మూడుసార్లయితే నూట ఇరవై. భారతదేశంలో 2019 సవరణ తర్వాత చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్, మొదటి నేరానికే జైలు కూడా వేయొచ్చు. అంటే కంపెనీ పెట్టించుకున్న సంతకం వాళ్ల పెత్తనం కాదు, పైనున్న చట్టాన్నే కాస్త ముందుగా అమలు చేయడం.

కానీ అదే కంపెనీ తన ఆఫీసు ఫోన్ మాత్రం ఎత్తాలంటోంది చూశారూ, అక్కడ నాకు ఒళ్లు మండింది. అమెరికా నిబంధనలో డ్రైవరు చేత ఫోన్ చేత్తో పట్టించే కంపెనీ మీద కూడా జరిమానా ఉంది, అది డ్రైవరుకి వేసేదానికన్నా పెద్దది. మీవారు ఈసారి వెళ్లినప్పుడు, ‘బండి కదులుతుంటే నేను ఎత్తను, ఆపాక నేనే చేస్తాను, మీరు మెసేజ్ పెట్టండి’ అని డిస్పాచ్ వాళ్లకి, అంటే ఆఫీసులో బండ్లని పంపించేవాళ్లకి, రాతపూర్వకంగా పంపమనండి. రాతలో ఉంటే రేపు వార్నింగ్‌ల లెక్క తేల్చేటప్పుడు పనికొస్తుంది. కెమెరా గురించి కూడా అడగొచ్చు: మాటలు రికార్డవుతాయా, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు. కెమెరా మీద కోపం ఉన్న మనిషికి ఈ జవాబులు తెలిస్తే సగం కోపం తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఇంటి రూలు. ఫోన్ మానేయొద్దు, ఫోన్‌కి టైమ్ పెట్టుకోండి. బయల్దేరేముందు ఒకటి, మధ్యలో బ్రేక్‌లో ఒకటి, రాత్రికి బండి ఆపాక ఒకటి. ఆ మధ్య బ్రేక్ మీరు కొత్తగా సంపాదించాల్సింది కాదు, చాలాచోట్ల చట్టమే ఇచ్చింది. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి, అమెరికాలో ఎనిమిది గంటల డ్రైవింగ్ అయ్యేలోగా అరగంట. ఫోన్ ఎవరు చేయాలి? ఎప్పుడూ ఆయనే, ఎందుకంటే బండి ఆగిందని తెలిసేది ఆయనకే. బయల్దేరేటప్పుడు ఫోన్‌ని డ్రైవింగ్ మోడ్‌లో పెడితే మీ కాల్‌కి ‘నడుపుతున్నాను’ అని దానంతట అదే మెసేజ్ వస్తుంది. నిజంగా కొంప మునిగే పని అయితే వెంటవెంటనే రెండుసార్లు చేయండి. రెండో కాల్ మోగేలా చాలా ఫోన్లలో సెట్ చేసుకోవచ్చు, ఆయన ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని అది పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. ఆ రెండో కాల్ మోగితే ఆయన చేయాల్సింది ఎత్తడం కాదు, ఆపగలిగినచోట బండి ఆపి తిరిగి చేయడం. కొంప మునిగే పని అంటే ఏదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. పాపకి జ్వరం వస్తే మొదటి ఫోన్ డాక్టరుకి, వందల కిలోమీటర్ల దూరంలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాయన ఏం చేయగలడు, భయపడటం తప్ప.

ఆన్‌లైన్‌లో ఉన్నాడా లేదా అని రాత్రంతా చూడటం ఇవాళే ఆపేయండి. ఆయన ఎవరితోనో ఉన్నాడన్న అనుమానం మీరు రాయలేదు గానీ ఆ వాక్యంలో వాసన తగిలింది. ఉత్తరంలో దానికి ఆధారం ఒక్కటీ లేదు. మీ చేతిలో ఉన్న ఆధారం వేరే: ఆయన దాచాడు. అడగాల్సింది దాని గురించి. ఇంటికి వచ్చిన రోజు అడగొద్దు, పడుకోనివ్వండి, మర్నాడు తిన్నాక ఆ కాగితం బల్ల మీద పెట్టి, ‘ఇది నాకెందుకు చెప్పలేదు’ అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేదాకా మీరు మాట్లాడకండి. కష్టమే. బహుశా సిగ్గుపడ్డానంటారు, మీ మీద నింద వేశాక తనే దొరికిపోయినందుకు. ఆ మాట వస్తే మళ్లీ వీడియోల దగ్గరకి లాగకండి.

ఉద్యోగం మానేయమని ఇప్పుడే చెప్పొద్దు. పన్నెండేళ్ల పని, చేతిలో విద్య. రెండు నెలలు పై ఏర్పాటు నడవనివ్వండి. వీడియోలు ఆగకపోతే, లేదా నిద్ర ఆపుకోలేనంతగా షిఫ్టులు ఉన్నాయని తేలితే, అప్పుడు పగటి రూట్లు అడగడమో, కంపెనీ మారడమో ఆలోచించొచ్చు, ఆయనతో కలిసి. రాత్రంతా నడిపి పగలు నిద్ర పట్టని మనిషైతే ఒకసారి డాక్టరుకి చూపించడం కూడా మంచిది.

పాప చేత మాత్రం రోజూ రాత్రి నాన్నకి ఒక వాయిస్ మెసేజ్ పంపించండి, బడిలో ఏం జరిగిందో అదే చెప్తుంది. నాన్న బండి ఆపాక విని తిరిగి ఒకటి పంపిస్తాడు, అది పొద్దున్నే పళ్లు తోముకుంటూ వింటుంది. మొదటి రెండు రోజులు ఏడుస్తుంది, ఏడవనివ్వండి.