ఎనిమిది లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి, బిడ్డతో గేట్ రాయించండి

ప్రశ్న: సారూ, మాది నర్సంపేట దిక్కు ఊరు. మిర్చి, పత్తి ఏస్తం. మా బిడ్డ హనుమకొండల ఈసీఈ మూడో సంవత్సరం చదువుతాంది. తోటి పిల్లలందరు హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ అంటాంటే ఇది మాత్రం సర్కారు ఇంటెలిజెన్స్‌ల సిస్టమ్స్ ఇంజినీర్ అయితనంటది. ఒకాయన ఎనిమిది లచ్చలిస్తే పెట్టిస్తనన్నడు. ఆడ ఏం పని చేసేది ఇంట్ల గూడ చెప్పొద్దంటరట. రేపు సంబంధమొస్తే మేమేం చెప్పాలె? పంపాల్నా, వద్దా?

జవాబు: అన్నా, ముందు ఆ ఎనిమిది లక్షల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. అడ్వాన్సు కింద యాభై వేలు చాలన్నా ఇవ్వకండి. మీ బిడ్డ అడిగే కొలువులకు మొదటి జల్లెడ గేట్ స్కోరు, అంటే ఇంజినీరింగ్ పిల్లలకు దేశమంతటా ఒకేసారి పెట్టే పరీక్షలో వచ్చే స్కోరు. దాన్ని మార్చడం ఆయన వల్ల కాదు, ఆయన చెప్పుకునే ఢిల్లీ పెద్దమనిషి వల్లా కాదు. ఈ పైరవీకారుల లెక్క చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పది మంది దగ్గర డబ్బు తీసుకుంటారు. అందులో ఒకరిద్దరు సొంతంగా చదివి కొట్టుకొస్తారు. ‘నేనే పెట్టించిన’ అని వాళ్ల డబ్బు ఉంచుకుని, మిగతావాళ్లను ఏడాది తిప్పి సగం తిరిగిస్తారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తేమ ఉందని మిర్చి ధర కోసే ఖరీదుదారు కూడా బస్తాలో చెయ్యి పెట్టి చూసే కోస్తాడు, వీళ్లు ఆ మాత్రం కష్టం కూడా పడరు.

ఇక ‘సిస్టమ్స్ ఇంజినీర్’ అనే మాట. ఇన్ఫోసిస్ లాంటి కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చే హోదాకు కూడా ఇదే పేరు, అందుకే పిల్లలు తికమక పడతారు. నిఘా సంస్థల ప్రకటనల్లో ఈ పేరు వెతికితే దొరకదు. అక్కడి పేర్లు వేరు.

ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటి సంస్థ, కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది. అందులో మీ బిడ్డ చదువుకు సరిపోయేది ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) గ్రేడ్ 2 టెక్నికల్ పోస్టు. 2023 డిసెంబరులో 226 ఖాళీలకు ప్రకటన ఇచ్చారు. అందులో ఎలక్ట్రానిక్స్ వాళ్లకు 147, కంప్యూటర్ వాళ్లకు 79. 2025లో మళ్లీ 258కి ఇచ్చారు, అప్పుడూ పెద్ద వాటా ఎలక్ట్రానిక్స్‌దే. ‘ఈసీఈ చదివి లాభం లేదు, సీఎస్ఈ తీసుకోవాల్సింది’ అని మీ ఇంట్లో ఎవరైనా సణుగుతుంటే ఈ అంకెలు చూపించండి. రెండోది క్యాబినెట్ సెక్రటేరియట్ పేరుతో వచ్చే డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్. 2024లో 160, 2025లో 250 పోస్టులు పడ్డాయి. 1968లో పుట్టిన ‘రా’, అంటే మన విదేశీ నిఘా సంస్థ, ఈ సెక్రటేరియట్ కిందిదే. కానీ ప్రకటన మొత్తం తిరగేసినా ఆ పేరు కనిపించదు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆన్‌లైన్ దరఖాస్తులకు అలవాటు పడ్డ ఈ రోజుల్లో కూడా దీనికి ఫారం నింపి, ఫోటో అతికించి, ఢిల్లీ లోడీ రోడ్ పోస్టాఫీసులోని ఒక పోస్ట్ బ్యాగు నంబరుకు మామూలు పోస్టులో పంపమన్నారు. అది చూసి నకిలీ ప్రకటన అనుకుని వదిలేసిన పిల్లలు నాకు తెలుసు.

మూడోది ఎన్‌టీఆర్‌ఓ (నేషనల్ టెక్నికల్ రీసెర్చ్ ఆర్గనైజేషన్). 1999 కార్గిల్ యుద్ధం తర్వాత, సాంకేతిక నిఘాకు ప్రత్యేకంగా ఒక సంస్థ ఉండాలని 2004లో పెట్టారు. సైంటిస్ట్ బి పోస్టులకు ఇక్కడా గేట్ స్కోరు అడిగారు.

చూశారు కదా, ఇంటెలిజెన్స్‌కు పోయే దారి అంటే ఏదో చీకటి సందు అనుకుంటాం. తలుపు దాకా దారంతా పట్టపగలే ఉంది. ఎన్‌ఐటీ పిల్లలైనా, మీ బిడ్డ అయినా రాసేది ఒకటే పేపరు. అసలు ఆలోచించాల్సింది తలుపు దాటాక ఉండే బతుకు గురించి. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ పని ఆమెకు నప్పుతుందా అన్నది మీ పొలంలోనే చూసుకోవచ్చు.

కిందటేడు ములుగు వైపు నుంచి ఒక అమ్మాయి హనుమకొండ నయీంనగర్‌లో నా దగ్గరికి వచ్చింది. ఇదే కోరిక. సిస్టమ్స్ ఇంజినీరింగ్ అంటే ఏమిటని అడిగితే పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పింది. అది వద్దు, మీ ఇంట్లో ఈ మధ్య ఏం పాడైందో చెప్పమన్నాను. మోటరు స్టార్టర్ అంది. ఫోన్ చేస్తే బోరు మోటరు ఆన్ అయ్యే స్టార్టర్, సిమ్ వేసేది, మీకూ తెలిసే ఉంటుంది. రెండేళ్లు బాగా నడిచి ఉన్నట్టుండి ఫోన్‌కు పలకడం మానేసింది. స్టార్టర్ అమ్మిన దుకాణంలో చూపిస్తే స్టార్టర్ మంచిగనే ఉందన్నారు. సిమ్ తీసి ఫోన్‌లో వేస్తే మోగుతోంది. మోటరు మెకానిక్ వచ్చి బటన్ నొక్కితే మోటరు నడుస్తోంది. ముగ్గురూ నిజమే చెప్పారు. అయినా పొలంకు నీళ్లు లేవు.

ఆ అమ్మాయి వాళ్ల నాన్నను ఒక్క మాట అడిగిందట: ‘నడిచిన రోజుకూ ఆగిన రోజుకూ మధ్య ఏం మారింది?’ ఏమీ మారలేదన్నాడు. కాసేపాగి, ‘దొంగల భయానికి పాత ప్లాస్టిక్ డబ్బా తీసి ఇనుప డబ్బా పెట్టించిన’ అన్నాడు. యాంటెన్నా లోపలే ఉండిపోయింది, ఇనుము సిగ్నల్‌ను ఆపేసింది. డబ్బాకు రంధ్రం వేసి యాంటెన్నా బయటికి తీశారు, మోటరు పలికింది. నాకు నచ్చింది ఆ తర్వాతి ముక్క. ‘వానాకాలం ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగి రిలే కాలిపోతది సార్, అందుకే రంధ్రం కింది వైపు వేయించి రబ్బరు బుషింగ్ పెట్టించిన’ అంది. విడివిడిగా అన్నీ బాగుండి కలిపితే ఎందుకు పనిచేయదో పట్టుకోవడం, ఒకటి బాగుచేస్తే ఇంకోటి ఎక్కడ చెడుతుందో ముందే చూడటం, ఈ చదువుకు అసలు పేరు అదే. నిఘా పనిలో డబ్బా స్థానంలో రిసీవరు ఉంటుంది, బోరు బదులు సరిహద్దులో ఎక్కడో ఒక కేంద్రం ఉంటుంది, కరెంటు బదులు జనరేటరు, దాని ముందు రాత్రి డ్యూటీలో కూర్చున్న మనిషి ఉంటాడు. ఆ మనిషి నిద్రమత్తు కూడా సిస్టమ్‌లో భాగమే.

ఇప్పుడు గేట్. మూడో సంవత్సరం పిల్లలు కూడా రాయొచ్చు, మీ బిడ్డ ఈసారే రాయాలి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు మంచిగా వస్తే పట్టా చేతికొచ్చాక కూడా పనికొస్తుంది, రాకపోతే పరీక్ష అంటే ఏమిటో తెలుస్తుంది. సాధారణంగా దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, ఇంజినీరింగ్ గణితానికి 13 వరకూ ఉంటాయి. మన పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆ 15 మార్కులను ఇంగ్లిష్ భయంతో వదిలేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. రోజుకు అరగంట ఇంగ్లిష్ పత్రిక చదివితే పోయే భయం అది.

సబ్జెక్టుల్లో సిగ్నల్స్, కమ్యూనికేషన్స్, డిజిటల్ సర్క్యూట్లు గట్టిగా పట్టుకోమనండి. సిలబస్‌లో ఎంత ఉందన్నది పక్కన పెట్టి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద చెయ్యి తిరగాలి, నెట్‌వర్కింగ్ తెలియాలి. ఏసీఐఓ టెక్నికల్‌కు గేట్ తర్వాత స్కిల్ టెస్టు, ఇంటర్వ్యూ ఉంటాయి. వయసు 27 లోపు, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మూల వేతనం 44,900, బ్యూరోలో దాని మీద 20 శాతం ప్రత్యేక భద్రతా భత్యం, కరువు భత్యం, ఇంటి అద్దె అదనం. ఆకలికి ఢోకా లేదు, కానీ హైదరాబాద్‌లో మంచి కంపెనీ పట్టిన స్నేహితురాలి జీతం చూసి నాలుగేళ్లకు మనసు చివుక్కుమంటుంది. ఆ సంగతి ముందే తెలిసుండాలి.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి. మీ బిడ్డకు వస్తువులు తయారు చేయడం మీద మోజు ఉంటే బ్యూరో కంటే డీఆర్‌డీఓ, అంటే రక్షణ పరిశోధన సంస్థ, మేలు. నిఘా సంస్థల్లో కొత్త ఇంజినీరుకు ఎక్కువగా దక్కేది ఉన్న వ్యవస్థను రాత్రింబవళ్లు నడపడం, చెడకుండా చూసుకోవడం. శత్రువు రాడార్‌నూ రేడియోనూ పసిగట్టే పరికరాలు రూపొందేది ల్యాబుల్లో. అందులో ముఖ్యమైన డీఎల్‌ఆర్‌ఎల్ (రక్షణ ఎలక్ట్రానిక్స్ ల్యాబు) మన హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోనే ఉంది. డీఆర్‌డీఓ సైంటిస్ట్ బి పోస్టుకూ గేట్ స్కోరు, ఆ పైన ఇంటర్వ్యూ. మూల వేతనం 56,100. రక్షణ పరికరాలు చేసే సర్కారు కంపెనీ భారత్ ఎలక్ట్రానిక్స్ తన పరీక్ష తానే పెట్టుకుంటుంది గానీ చదవాల్సింది ఈ పుస్తకాలే. అంటే ఒక్క చదువుకు మూడు నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. బ్యూరో ఒక్కటే కావాలని మొండికేస్తే మాత్రం ఒప్పుకోకండి.

వెరిఫికేషన్, అంటే కొలువు ఖాయం చేసే ముందు జరిగే పోలీసు విచారణ, గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద ఒక పిల్లవాడికి కేంద్ర కొలువు వచ్చింది. అటెస్టేషన్ ఫారంలో ‘మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా’ అన్న గడి దగ్గర ఆగాడు. గణేశ్ నిమజ్జనం నాడు జరిగిన కొట్లాటలో వాడి పేరూ రాశారు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ‘కొట్టేసిన కేసు కదా, లేదని రాసెయ్’ అన్నాను. స్టేషన్ రికార్డు రాజీ పడదని నాకప్పుడు తట్టలేదు. విచారణలో అది బయటపడింది, నోటీసు వచ్చింది, ఏడాది తిరిగాక కొలువు పోయింది. ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే చిన్న గొడవ కింద వదిలేసే అవకాశం ఉండేది. దాచినందుకే పోయింది. వాడు ఇప్పటికీ నన్ను ‘సార్’ అనే పిలుస్తాడు, అదే నాకు కష్టంగా ఉంటుంది. మీ బిడ్డ కాలేజీ ధర్నాలో కూర్చున్నప్పుడు పేరు రాసుకుపోయారా, ఇంట్లో ఎవరి మీదైనా భూమి తగాదా కేసు ఉందా, ఇప్పుడే కూర్చుని అడగండి. ఉంటే భయపడకండి, దాచకండి.

ఇక మీరు చివర్లో రాసిన సంబంధం మాట. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైంది అదే. మన వైపు ‘ఇంటెలిజెన్స్’ అనగానే పెద్దవాళ్లకు మఫ్టీ పోలీసులు, ‘ఇన్‌ఫార్మర్’ అన్న మాట, ఆ పాత రోజులు గుర్తుకొస్తాయి. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట గొంతు తగ్గించే అంటుంది. మీ బిడ్డ చేయబోయేది ఆ పని కాదు, నలుగురికి అలా చెప్పాల్సిన అవసరమూ లేదు. ‘కేంద్ర ప్రభుత్వంలో ఇంజినీరు’ అనండి. అది అబద్ధం కాదు, అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పనీ లేదు. సెలెక్ట్ అయితే వాట్సాప్ స్టేటస్ వద్దు, ఊళ్లో ఫ్లెక్సీ అసలే వద్దు. ఫ్లెక్సీ వద్దంటే మీ తమ్ముళ్లను ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కష్టం మీకంటే ఆమెకే ఎక్కువ. ఇంటెలిజెన్స్ సంస్థల ఉద్యోగులు సంఘం పెట్టడాన్నీ పత్రికలతో మాట్లాడటాన్నీ 1985 నాటి చట్టం కట్టడి చేస్తుంది. 2021లో పింఛను నిబంధనలు మార్చాక, రిటైరైన తర్వాత కూడా సంస్థ సంగతులు అనుమతి లేకుండా రాయడానికి లేదు. బదిలీ దేశంలో ఎక్కడికైనా ఉంటుందని ప్రకటనలోనే రాస్తారు. ఏదో రోజు గొప్ప పని చేసి, కాజీపేటలో రైలు దిగి, ఇంటికొచ్చి, ‘ఏం బిడ్డా, ఎట్లుంది పని’ అని మీరడిగితే ‘మంచిగనే ఉంది నాయినా’ అని అన్నం ముందు కూర్చోవాలి. మార్కులొస్తే పరుగెత్తుకొచ్చి చెప్పే పిల్లకు ఇది అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. కొందరికి ఎప్పటికీ కాదు, వాళ్లు ల్యాబుల్లో, కంపెనీల్లో హాయిగా ఉంటారు. మీ బిడ్డ ఎలాంటిదో మీకూ వాళ్లమ్మకూ తెలిసినంత నాకు తెలియదు.

పంపాలా వద్దా అంటే, ఈ ఫిబ్రవరి గేట్ రాసేదాకా ఆ ప్రశ్నకు తొందర లేదు. ఈలోపు ఒక పని మీరు చేయాలి. మీరు బీసీలైతే మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర కొలువులకు చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దారు దగ్గర తీసుకోవాలి. అందులో, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో చూడండి. ఆ ఎనిమిది లక్షలాయన మళ్లీ ఫోన్ చేస్తే, బిడ్డ పరీక్ష రాస్తోందని చెప్పి పెట్టేయండి. ఈ ఆదివారం ఆమె ఇంటికొస్తే మోటరు దగ్గరికి తీసుకుపోయి స్టార్టర్ డబ్బా తెరవమనండి. మొదట ఏం అడుగుతుందో విని నాకు రాయండి.