పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జెరార్ ఫిలిప్ నాటకాలవాడా, సినిమావాడా?

ప్రశ్న: ఈమధ్య మా ఊరి ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో 'ఫాన్‌ఫాన్ లా ట్యూలిప్' అనే పాత ఫ్రెంచి చిత్రం చూశాము. అందులో కత్తి తిప్పుతూ నవ్వించిన జెరార్ ఫిలిప్ గొప్ప రంగస్థల నటుడని చిత్రాన్ని పరిచయం చేసినవారు చెప్పారు. సినిమా అవకాశాలు తగ్గిన తరువాత ఆయన నాటకాలలోకి వెళ్లారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అవకాశాలు తగ్గడం మాట అటుంచి, ఫ్రాన్సులో ఆయన పేరు చెబితే టిక్కెట్లు తెగుతున్న రోజులలోనే ఆయన కోరి ఒక నాటక సమాజంలో చేరారు. 1922 డిసెంబరు 4న కాన్ నగరంలో పుట్టిన ఫిలిప్‌ను తండ్రి న్యాయశాస్త్రం చదివించాలనుకున్నాడు. కుర్రవాడు మాత్రం 1942లో నీస్‌లో రంగస్థలమెక్కి, మరుసటి ఏడాది పారిస్‌లో జిరొదూ అనే ఫ్రెంచి రచయిత నాటకంలో దేవదూత వేషంతో విమర్శకుల కంట పడ్డాడు. ఇంటిపేరులోని 'ఫిలిప్'కు ఫ్రెంచి లిపిలో చివర ఒక అక్షరం చేర్చుకున్నది ఆ తొలి రోజులలోనే. పేరు మొత్తం 13 అక్షరాలైతే కలిసివస్తుందని ఆశ. పేరులో అక్షరాలు లెక్కపెట్టుకోవడం మన సినిమావాళ్లకే పరిమితం కాదన్నమాట. 1945లో ఆల్బేర్ కామూ రాసిన 'కలిగులా' నాటకంలో ఆ పేరుగల పిచ్చి రోమన్ చక్రవర్తి పాత్ర ధరించేనాటికి ఆయనకు ఇంకా 23 ఏళ్లు నిండలేదు.

సినిమాలో ఆయనను తారగా నిలిపింది 1947 నాటి 'ల ద్యాబ్ల్ ఓ కోర్'. భర్త యుద్ధరంగంలో ఉన్న యువతిని ప్రేమించిన బడి పిల్లవాడి కథ అది. ఫ్రాన్సులో పెద్ద దుమారమే లేచింది. ఆ దుమారం వల్ల పేరు మరింత పాకింది కూడా.

ఇక అసలు సంగతి. దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోఁలో, పాత పోపుల కోట ముంగిట, 1947 నుంచి జాఁ విలార్ అనే దర్శకుడు వేసవి నాటకోత్సవం నడుపుతూ వచ్చారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి కవి కొర్నెయ్ రాసిన 'లె సిద్' నాటకంలో నాయకుడు రొద్రిగ్ వేషం వేయమని ఆయన గతంలో అడిగినప్పుడు, విషాద నాటకాలకు తాను తగనని ఫిలిప్ తప్పుకున్నారు. 1950 చివరలో మాత్రం తానే వెళ్లి విలార్‌ను కలిసి, మీతో పనిచేస్తానన్నారు. 1951 వేసవిలో, ఆరుబయట, తెరలూ కట్టడాలూ దాదాపు ఏమీ లేని వేదిక మీద ఆయన రొద్రిగ్‌గానూ, జర్మన్ రచయిత క్లైస్ట్ నాటకంలో హోంబుర్గ్ యువరాజుగానూ నటించారు. బడిలో వల్లె వేయించే పద్యనాటకమని పక్కన పెట్టిన 'లె సిద్'ను, ఇరవై ఏళ్ల కుర్రాడి ప్రేమా పౌరుషమూ తొణికే నాటకంగా ఆయన చూపించారు. ఆ ఏడాదే విలార్ చేతికి వచ్చిన జాతీయ ప్రజా నాటకశాలలో ఫిలిప్ సభ్యుడయ్యారు. అక్కడ టిక్కెట్టు ధర తక్కువ. సీటు చూపించేవారికి బక్షీసు ఇచ్చే ఆచారాన్ని ఎత్తివేశారు. శివార్ల కార్మికులు మెట్రో అందుకుని ఇళ్లు చేరేలా ఆట పెందలాడే మొదలుపెట్టేవారు. ప్రకటనలలో నటుల పేర్లు అక్షరక్రమంలోనే ఉండేవి. ఫ్రాన్సులో అందరికన్నా పేరున్న నటుడి పేరు అందులో ఎక్కడో మధ్యన కనిపించేది. ఆయన కోరుకున్నదీ అదే. 1958లో ఏర్పడిన నటుల సంఘానికి తొలి అధ్యక్షుడైనది కూడా ఆయనే.

మీరు చూసిన 'ఫాన్‌ఫాన్' చిత్రీకరణ జరిగింది కూడా ఆ 1951లోనే. మరుసటి ఏడాది విడుదలైన ఆ చిత్రాన్ని ఫ్రాన్సులో 60 లక్షలమందికి పైగా చూశారు. కాబట్టి ఒకటి వదిలి మరొకటి పట్టుకున్న మనిషి కాదాయన. అయితే చేసినవన్నీ గొప్పవని చెప్పలేము: 1956లో స్వయంగా దర్శకత్వం వహించిన 'టిల్ ఆయ్లెన్‌ష్పీగెల్' చిత్రం నిలబడలేదు. అప్పట్లో విమర్శకుడిగా ఉన్న ఫ్రాంస్వా త్రూఫోకు ఆయన నటన ఏమాత్రం గిట్టేది కాదు. నా మట్టుకు నాకు, 1954 నాటి 'మొస్యూ రిపోవా'లో లండన్ వీధుల్లో ఆడవాళ్లను మోసగిస్తూ తిరిగే పాత్ర చూస్తే, అందగాడన్న ముద్రను ఆయనే ఎంత నిర్దయగా చెరిపేసుకోగలరో తెలుస్తుంది.

ప్రశ్న: ఆయనను నాటకం దుస్తులలోనే సమాధి చేశారని విన్నాను. అది నిజమేనా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: నిజమే. 1959 నవంబరులో శస్త్రచికిత్స చేసిన వైద్యులు కాలేయ క్యాన్సర్ బాగా ముదిరిందని గుర్తించి భార్య ఆన్‌కు చెప్పారు. ఆమె ఆ మాట ఆయనకు తెలియనివ్వలేదు. కోలుకుంటున్నానన్న నమ్మకంతో ఇంటికి చేరిన ఫిలిప్, రాబోయే వేషాల గురించి ఆలోచిస్తూనే నవంబరు 25న కన్నుమూశారు. 37వ పుట్టినరోజుకు ఇంకా తొమ్మిది రోజులుంది. మధ్యధరా తీరాన రమతుయెల్ అనే పల్లెలో, రొద్రిగ్ పాత్ర దుస్తులతోనే ఆయనను ఖననం చేశారు. చెప్పకుండా దాచిన ఆ రోజుల వేదనను ఆన్ ఫిలిప్ తరువాత ఒక చిన్న పుస్తకంగా రాశారు.

ప్రశ్న: ఆయన రంగస్థల నటనను ఇప్పుడు చూసే వీలుందా? (అదే పాఠకుడు)

జవాబు: సినిమాలు చూసినట్టు చూడలేము. కానీ ఆ నాటక సమాజానికి ఫొటోలు తీసినది, తరువాత దర్శకురాలిగా ప్రసిద్ధికెక్కిన ఆన్యెస్ వర్దా. ఆమె తీసిన రొద్రిగ్ చిత్రాలు వెతికి చూడండి. గొంతు వినాలంటే, సెంతెగ్జుపెరీ 'చిన్ని రాకుమారుడు' కథకు 1954లో ఆయన చేసిన ధ్వనిముద్రణ ఉంది. ఫ్రెంచి రాకపోయినా ఒకసారి వినండి.